తవిటమ్మ ఎడమ కన్ను

మా అమ్మ ఎడమ కన్ను కంపెనీవారిది.
నేనంటున్న మాట కాదు.
రాయగడ రోడ్డు మలుపులో ఫ్లెక్సీ మీద
ఒడియాలో, కింద తెలుగులో రాసుంది:
"రెండు వందల పన్నెండు కళ్లకు మా వెలుగు."
పచ్చ గుడ్డ కట్లు, నల్ల కళ్లద్దాలు,
ఆ వరసలో మూడో ముసలమ్మ మా అమ్మ.
చెప్పుల్లేకుండా నించుంది ఆ రోజు.
ఫోటోలో పాదాలు కత్తిరించేశారు.

నేను గేటు పక్కన కాటా గుమస్తాని.
లారీ ఎక్కుతుంది, ఎర్రగా అంకె వెలుగుతుంది.
వెలిగేది ముప్పై ఒకటి.
నేను రాసేది పంతొమ్మిది.
మిగతా పన్నెండు టన్నులు
లెక్క ప్రకారం ఇంకా కొండ దిగలేదు.
ఏ కాగితం తిరగేసినా
మా కొండ చెక్కు చెదరకుండా అక్కడే ఉంటుంది.

రాత్రి రెండు దాటాక
వెనక గోడ కింద తూము తెరుస్తారు.
దానికి రిజిస్టరే లేదు.

కట్టు విప్పిన పదో నాడు
గెడ్డకెళ్లిన అమ్మ ఖాళీ బిందెతో వచ్చింది.
"గురువులూ, గెడ్డకి ఆ రంగెప్పుడొచ్చిందిరా,
పెళ్లి మర్నాటి పసుపు నీల్లలాగ?"
ఆరేళ్లయిందమ్మా.
"ఆ మిణియక డంబు కూతురి కాల్లనిండా పుల్లేటి?"
అవీ అప్పట్నించే.
"మరి నాకు సెప్పలేదేం?"
నీకు కనబడదు కదా అని...
నాలిక చివర దాకా వచ్చిన మాటని
మంచినీళ్లతో మింగేశాను.
కంపెనీ ప్లాంటు నీళ్లే, చల్లగా ఉన్నాయి.

రెండో యూనిట్ కోసం జనశుణాణి పెట్టారు,
బ్లాకాఫీసు మైదానంలో, షామియానా కింద.
సామంతరాయ్ బాబు చదువుతున్నాడు:
బడి సంచులు, కుట్టు మిషన్లు, అంబులెన్సు,
రెండు వందల పన్నెండు కళ్లు.
చప్పట్లు. నేనూ కొట్టాను,
ముందు వరసలో కూచోబెట్టారు మరి.

అమ్మ లేచింది. మైకు అందలేదు, అడగలేదు.
"బావూ, నాకు ముందు ముగ్గురు పుట్టి పోనారు.
నానైనా దక్కాలని మాయమ్మ నన్ను
సేటెడు తవుడికి పొరుగింటికి అమ్మీసింది.
పొద్దుగూకీసరికి ఆ తవుడే ఇచ్చి మల్లీ తెచ్చుకుంది.
అందుకే తవిటమ్మనయ్యాను.
ఒకపాలి అమ్ముడుపోనాను, సాలు.
కన్ను బాగుసేసినారు, ఆ డాట్రు బిడ్డ సల్లగుండాల.
గానీ కన్నిచ్చి
గెడ్డకేసి సూడొద్దంటే ఎలాగ?"

భువనేశ్వర్ అధికారి నా వైపు తిరిగాడు,
ఏమంటోంది, ఒడియాలో చెప్పు.
ముప్పై ఒకటి చూసి పంతొమ్మిది రాసే అలవాటు
చేతికే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.
"కంటి శిబిరానికి దండాలు చెబుతోందండీ."
ఆయన రాసుకున్నాడు. చక్కటి దస్తూరీ.

అమ్మకి ఒడియా రాదనుకున్నారు వాళ్లు.
అరవై ఏళ్లుగా సంతలో చింతపండు బేరం
ఆ భాషలోనే చేస్తోంది.
నన్ను చూసింది.
రెండు కళ్లతోనే చూసుంటుంది గానీ
నాకు ఎడమదే తగిలింది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, కోపం లేకుండా:
"మీ కాటా మీద ఒక పక్క నా కన్నెట్టి
రెండో పక్క గెడ్డనెడితే ఏది మొగ్గుద్దిరా?"
లారీ కాటాకి రెండు పళ్లేలుండవమ్మా.
ఒకటే ఇనపరేకు.
ఎక్కినదాని బరువు చెబుతుంది, అంతే.
వేరే చోట నువ్వేం దానమిచ్చావో
అందులోంచి తియ్యదు.
"మరింకేటి?" అంది.
మజ్జిగ పోసింది.

ఇప్పుడు రెండూ పది.
తూము చప్పుడు మొదలైంది.
గోడకవతల గట్టు మీద ఎవరో కూచున్నారు,
బీడీ వెలుగు కాదు, టార్చీ కాదు,
ఊరికే కూచున్నారు.
లారీ ఎక్కింది. అంకె వెలిగింది.
రిజిస్టర్లో మూడు వేశాను.
మూడుతో మొదలయ్యాక
పంతొమ్మిది చెయ్యడం ఎలాగో తెలీదు నాకు.
డ్రైవరు హారన్ కొడుతున్నాడు.